చదివింపుల పద్దు, బావమరిది బాకీ

ప్రశ్న: మా ఆవిడ పెదనాన్నగారి అబ్బాయి నాకు బావమరిది వరస. 2014లో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి మేము 5,116 రూపాయలు చదివించాం. పోయిన మాఘంలో మా అమ్మాయి పెళ్లయింది. ఊరూరా తిరిగి పిలవడం కుదరక శుభలేఖ వాట్సాప్‌లో పెట్టాం. వాళ్లు నలుగురూ వచ్చారు, రెండు పూటలా భోంచేశారు, 1,116 చదివించి వెళ్లారు. పుస్తకంలో ఆ పద్దు కింద ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నాను. ఇప్పుడు వాళ్ల చిన్నమ్మాయి పెళ్లి. మొన్న భార్యాభర్తలిద్దరూ ఇంటికొచ్చి, బొట్టు పెట్టి మరీ పిలిచి వెళ్లారు. సరిగ్గా 1,116 చదివించి రావాలని నా పట్టుదల. మా ఆవిడేమో 10,116 చదివిద్దాం, సిగ్గుతో తలెత్తుకోలేరు అంటోంది. ‘ఈ గోల దేనికి, ఐదొందలు ఫోన్‌లో కొట్టేసి ఇంట్లో కూర్చోండి’ అంటాడు మా అబ్బాయి. ఎంత చదివించమంటారు? అసలు మనుషులు ఇంత లెక్కల మనుషులుగా ఎప్పుడు మారిపోయారు?

ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలేసింది. రెండోసారి మీ బావమరిది మీద వేసింది. కారణం చెప్తాను, కానీ ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం.

మనుషులు లెక్కల మనుషులుగా మారడమేమిటండీ? పదకొండేళ్ల కిందట ఇచ్చింది రూపాయి తేడా లేకుండా మీకు గుర్తుంది. వచ్చింది నలుగురని గుర్తుంది. ఎన్ని పూటలు తిన్నారో గుర్తుంది. ఆ పద్దు కింద ఎర్ర సిరా గీత ఉంది. ఇంత చక్కగా పద్దు రాసుకున్న మనిషి ‘లోకం లెక్కల్లో పడిపోయింది’ అని బాధపడుతుంటే, పేకాట క్లబ్బులో కూర్చుని ‘ఈ ఊళ్లో జూదం పెరిగిపోయిందండీ’ అన్న పెద్దమనిషి గుర్తొచ్చాడు. తప్పుగా అనుకోకండి, నేనూ ఆ క్లబ్బు సభ్యుడినే.

నాకు పద్నాలుగో ఏట చదివింపుల బల్ల దగ్గర కూర్చునే యోగం పట్టింది. మా ఊళ్లో దస్తూరీ బావుండే మాస్టారు ఒకాయన పుస్తకం రాసేవారు. నా పని, వచ్చిన డబ్బు బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టడం. పొడుగాటి పుస్తకం, నాలుగు మూలలా పసుపు, పైన ‘శ్రీరామ’. పక్కన మైకు పట్టుకుని ఇంకొకాయన. ‘పెళ్లికూతురు మేనమామగారు నూటపదహార్లు!’ అని ఆయన అరిస్తే, పందిట్లో పులుసు కలుపుకుంటున్న చేతులు ఒక్క క్షణం ఆగేవి. చదివింపు అనే మాట పుట్టిందే అలా. ఇస్తే సరిపోదు, నలుగురికీ వినపడేలా చదివించాలి. గుప్తదానం ఎంత గొప్పదో మనకు తెలుసు. తెలుసు కాబట్టే దానికి మైకు పెట్టలేదు.

ఆ రోజు నేను చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. బల్ల దగ్గరికి సిల్కు లాల్చీ తొడుక్కున్న ఒకాయన వచ్చి, ‘మాస్టారూ, మా తోడల్లుడు ఎంత రాయించాడో చూడండి ఒకసారి’ అన్నాడు. మాస్టారు వేలు తడి చేసుకుని పేజీ తిప్పి చూపించారు. ఆయన తలాడించి, ‘ఇప్పుడే వస్తా’ అని పక్కనున్న వేపచెట్టు చాటుకు వెళ్లాడు. మళ్లీ వచ్చి కవరిచ్చాడు. తర్వాత మాస్టారు నవ్వుతూ చెప్పారు: ‘ఎడమ జేబులో ఒక కవరు, కుడి జేబులో ఒక కవరు ఉంటాయిరా వీళ్లకి. ఏది తీయాలో తోడల్లుణ్ని బట్టి.’ ఆ మనిషి పిసినారి కాదు. డబ్బు మిగుల్చుకోవడం కోసం చెట్టు చాటుకు వెళ్లలేదు. తోడల్లుడి కంటే తగ్గకూడదు, అలాగని అనవసరంగా మించకూడదు. పెళ్లికూతురి పేరు ఆయనకు గుర్తుందో లేదో చెప్పలేను.

ఆ నూటపదహార్లలో ఉన్న పదహారు సంగతి కూడా చూడండి. శుభమనో, షోడశ సంఖ్య పవిత్రమనో మనం తృప్తి పడతాం. ఇంకో కథ కూడా చెప్తారు. నిజాం రాజ్యంలో సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. సరిహద్దు దాటితే బ్రిటిష్ వారి రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. అంటే అవతల వంద కావాలంటే ఇవతల 116 పైచిలుకు పెట్టాలి. హైదరాబాద్ వైపు నుంచి ఇచ్చే సంభావన అవతలి వాడికి నిండు వందగా చేరాలని 116 ఇచ్చేవారట. ఈ కథ ఎంతవరకు నిజమో గానీ మారకపు రేటు మాత్రం నిజం. మనం భక్తిగా కవరుకు అంటించే శుభసంఖ్య వెనక ఒక షరాబు కూర్చుని ఉన్నాడంటే నాకేం ఆశ్చర్యం లేదు.

నోముల్లో ‘ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం’ అని మూడుసార్లు అనిపిస్తారు చూశారా? పూర్ణం బూరెలు చేతులు మారడానికి అంత నోటిమాట రశీదు ఎందుకు? ఇచ్చానని ఒకరు, అందిందని ఒకరు. మన పెద్దవాళ్లకు మనుషుల సంగతి మనకంటే బాగా తెలుసు. 1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు దేశదేశాల ఆచారాలు పరిశీలించి, కానుకకు మూడు కట్టుబాట్లుంటాయన్నాడు: ఇవ్వాలి, కాదనకుండా పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. మా అమ్మమ్మ ఈ మాట వింటే ‘ఇది తెలుసుకోవడానికి అంత చదువెందుకురా’ అనేది.

ఈ విషయంలో మనకంటే తమిళులు నిజాయితీపరులు. పుదుక్కోట్టై, తంజావూరు జిల్లాల్లో కొన్ని ఊళ్లలో ఆడి మాసంలో ‘మొయ్ విందు’ అని పెడతారు. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. డబ్బు అవసరమైన మనిషి మాంసం భోజనం వండించి ఊరందరినీ పిలుస్తాడు. తిన్నవాళ్లు డబ్బు రాయించి వెళ్తారు. వడ్డీ లేదు, కాగితం లేదు. రాయించినవాడు రేపు విందు పెట్టినప్పుడు వీడు వెళ్లి ఆ మొత్తం, దానిపైన కొంత కలిపి తిరిగి రాయించాలి. అదే చీటీ, అదే బ్యాంకు. అక్కడ ఎవరూ ‘మీ ఆశీస్సులే మాకు కానుక’ అని కార్డు మీద వేయించుకోరు.

మన దగ్గర వేయించుకుంటారు. అలా వేయించిన ఒక పెళ్లికి ఆమధ్య వెళ్లాను. వేదిక దిగగానే పెళ్లికొడుకు బాబాయి రెండు చేతులూ అడ్డం పెట్టి ‘వద్దండీ, అస్సలు వద్దు, కార్డులో వేయించాం కదా’ అంటున్నాడు. నోరు వద్దంటోంది గానీ, కోటు జేబు మాత్రం నోరు తెరుచుకునే ఉంది. నాలుగైదు కవర్ల మూలలు బయటికి కనిపిస్తున్నాయి. నేను కార్డు మాట నమ్మి ఖాళీ చేతులతో వెళ్లాను. ఆయన కూడా నా ఖాళీ చేతుల్ని చూశాడు. అప్పట్నుంచీ నా జేబులో ఎప్పుడూ ఒక కవరుంటుంది.

ఈమధ్య కొన్ని చోట్ల బల్ల మీద పుస్తకం పక్కనే క్యూఆర్ కోడ్ అట్టముక్క కూడా పెడుతున్నారు. ఒకచోట కిరాణా కొట్లలో ఉండే ఆ మాట్లాడే డబ్బా కూడా పెట్టారు. ‘ఐదు వందల పదహారు రూపాయలు అందాయి’ అని అది గట్టిగా పలికింది. మా మాస్టారి పక్కన మైకు పట్టుకున్న మనిషి నలభై ఏళ్లకు ఇలా తిరిగొచ్చాడు. మీ అబ్బాయి ఐదొందలు ఫోన్‌లో కొట్టేయమన్నాడు గానీ, అక్కడ ఆ డబ్బా ఉంటే మీ పరువు ఏ గొంతుతో బయటపడుతుందో ఆలోచించుకోమనండి.

ఇక మీ లెక్కకు వద్దాం. కోపం పెంచుకోవాలనుకుంటే నేనే సాయం చేస్తాను. 2014లో పది గ్రాముల బంగారం ఇరవై ఎనిమిది వేల చుట్టుపక్కల ఉండేది. మీ 5,116తో గ్రామున్నర పైనే వచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఆయన 1,116కు గ్రాములో పదో వంతు వస్తే గొప్ప. అంటే మీకు జరిగిన అన్యాయం మీరనుకున్న దానికంటే పెద్దది. బీపీ మాత్ర వేసుకుని మిగతాది చదవండి.

మా నాన్న పోయాక ఇనప్పెట్టెలో రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి మా అక్క పెళ్లి చదివింపులది, 1974. రెండోది మేము ఎక్కడెక్కడ ఎంత చదివించామో ఆయన రాసుకున్నది. మా అమ్మకు నలభై ఏళ్లుగా ఒక పగ ఉండేది. నాన్నకు పినతండ్రి కొడుకు, మాకు బాబాయి వరస. అక్క పెళ్లిలో ఇరవై రూపాయలు చదివించాడట. ఇంట్లో ఆయన పేరే ‘ఇరవై రూపాయలాయన’. ఆయన కాఫీ తాగి వెళ్లినా సరే, అమ్మ ఆ గ్లాసు కడుగుతూ ‘ఇరవై రూపాయలు’ అని గొణిగేది. నేను రెండో పుస్తకం తిరగేశాను. 1971, ఆయన కూతురి పెళ్లి. మేము చదివించింది పది రూపాయలు.

పుస్తకం తీసుకెళ్లి అమ్మకు చూపించాను. కళ్లజోడు తెప్పించుకుంది. వేలు పెట్టి చదివింది. ఇప్పుడు పశ్చాత్తాపపడుతుందని నేను చూస్తున్నాను. తల ఎత్తి, ‘అప్పట్లో పది అంటే మాటలా?’ అంది.

మూడేళ్ల తేడా అమ్మా, అన్నాను. ‘అయితే? నాలుగు రోజులు ముందెళ్లి వాళ్లింట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వండాను. అది రాశాడా మీ నాన్న?’ అంది. రాయలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. బాబాయి వాళ్లావిడ మా ఇంట్లో ఎన్ని రోజులు ఏం వండిందో అమ్మకు గుర్తులేదు. అది కూడా రాయలేదు.

మనిషి బుర్ర ఇలాంటి పుస్తకమే. ఇచ్చింది రాతి మీద చెక్కినట్టుంటుంది, తీసుకున్నది పలక మీద బలపంతో రాసినట్టు. ఎదుటివాడి తలలోనూ అంతే. కాబట్టి ఊళ్లో ఎవరిని కదిపినా తనకే బాకీ ఉన్నారంటాడు. అప్పులిచ్చినవాళ్లే తప్ప తీసుకున్నవాళ్లు లేని ఊరు భూమ్మీద ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి.

ఇప్పుడు మీ బావమరిది మీద జాలి ఎందుకేసిందో చెప్తాను. మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది. శుభలేఖ వాట్సాప్‌లో పెట్టారు. ఆయనేమో ఇప్పుడు భార్యతో సహా మీ గుమ్మం ఎక్కి, బొట్టు పెట్టి పిలిచాడు. ‘ముఖం చూసి బొట్టు పెట్టడం’ అని సామెత చెప్పుకుంటాం. మీరు ముఖం చూడలేదు, బొట్టూ పెట్టలేదు. మీ ఆవిడకు అది పుట్టింటి వైపు. పెదనాన్న కొడుకుని ఫోన్‌లో పిలిచారంటే వాళ్లింట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకుని ఉంటారో నేను ఇక్కణ్ణుంచే వినగలను. ‘వెళ్లకపోతే బావుండదు, వెళ్దాం. కానీ...’ ఆ ‘కానీ’ ఖరీదే నాలుగు వేలు. మీరు దాన్ని పిసినారితనం పద్దులో వేశారు. నాకైతే అది జరిమానా రశీదులా కనిపిస్తోంది. నా ఊహ తప్పు కావచ్చు. చేతిలో డబ్బాడకపోయి ఉండొచ్చు, కవర్లు తారుమారై మీ 5,116 ఇంకెవరి పెళ్లిలోనో తేలి ఉండొచ్చు. ఆయన నిజంగానే పిసినారి కూడా కావచ్చు, అలాంటివాళ్లు లేరని నేననను. కానీ పిసినారి భార్యాభర్తలు పెట్రోలు పోసుకుని ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టరండీ.

ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. అసలు ఆ 1,116 మీది కాదు. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కొన్ని నియమాలు వచ్చాయి. పెళ్లిలో అమ్మాయికి ఇచ్చిన కానుకల జాబితా అమ్మాయి దగ్గర, అబ్బాయికి ఇచ్చినవాటి జాబితా అబ్బాయి దగ్గర ఉండాలి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఇచ్చిందెవరు, బంధువైతే ఏ వరస, అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. చూశారా, చదివింపుల పుస్తకం రాయమని సర్కారే చెప్పింది. పుస్తకం మాత్రం ఎర్ర పెన్ను పట్టుకున్న తండ్రి దగ్గర ఉండాలని ఎక్కడా చెప్పలేదు. మీ అమ్మాయిని అడిగి చూడండి, ఆ మామయ్య ఎంత చదివించాడో గుర్తుందా అని. ఫొటోలో ఆయన ఎక్కడ నిలబడ్డాడో కూడా ఆమె వెతుక్కోవాలి.

సరే, ఎంత చదివించాలి?

1,116 వద్దు. ఆయనకు వెంటనే అర్థమవుతుంది. మీకు కావాల్సిందీ అదే అనుకోండి. కానీ రూపాయికి రూపాయి అప్పజెప్పడాన్ని మనవాళ్లు చెల్లుకు చెల్లు అంటారు. ఆ మాట ఎప్పుడు వాడతారో గుర్తు తెచ్చుకోండి. వాటాలు తెంచుకున్నప్పుడు, రాకపోకలు మానుకున్నప్పుడు. మొయ్ విందుల్లో పైన కొంత కలిపి రాయించడం ఊరికే కాదు, పద్దు ఎప్పటికీ మూతపడకూడదని. ఎవరో ఒకరు ఎంతో కొంత బాకీ ఉన్నంతకాలమే చుట్టాలు ఒకరి గుమ్మం ఒకరు ఎక్కుతారు. మీ ఆవిడకు ఆ వైపు ఎంతమంది మిగిలారో చూసుకుని మరీ పుస్తకం మూయండి.

10,116 అసలే వద్దు. అది నోట్లతో చెంపదెబ్బ. ఆయన సిగ్గుపడతాడని మీ ఆవిడ అనుకుంటోంది గానీ, సిగ్గుపడడు. ‘చూశావా, తప్పు తెలుసుకున్నారు’ అని భార్యతో అంటాడు. ఐదు వేలు పోసి ఆ మాట కొనుక్కోవడం దేనికి?

5,116 చదివించండి. మీ మంచితనం నిరూపించుకోవడానికి కాదు, దానికి ఇది చవక రేటు. కారణం ఒక్కటే. పెద్దపిల్ల పెళ్లికి 5,116 చదివించిన మీరు చిన్నపిల్ల పెళ్లికి 1,116 చదివిస్తే, పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి, అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని పోల్చుకుంటారు. ఆ చిన్నపిల్లకు మీ వాట్సాప్‌తో గానీ, మీ ఎర్ర గీతతో గానీ ఏ సంబంధమూ లేదు. బంగారం రేటు ప్రకారం చూస్తే పెద్దపిల్ల కంటే తక్కువే ముడుతుంది. పాపం, అది ఆమెకు చెప్పకండి.

మీ ఆవిడను ముందురోజే పంపించండి. పెళ్లింట్లో చేతులు చాలవు, అరిసెలు ఇప్పుడు స్వీటు షాపునుంచే వస్తున్నా సరే. కవరు మీద ఇంటిపేరుతో సహా పేరు గుండ్రంగా రాయండి, రాసుకునేవాడు మిమ్మల్ని ఇంకొకరి ఖాతాలో వేయకుండా. అంటించిన రూపాయి బిళ్ల ఊడిపోకుండా చూసుకోండి. ఎడమ జేబు, కుడి జేబు వ్యవహారం పెట్టుకోకుండా ఒక్క కవరే తీసుకెళ్లండి. మీరు కూడా నలుగురూ వెళ్లి, రెండు పూటలా భోంచేసి రండి. మీ బావమరిది పక్కన నిలబడి ఆకులు లెక్కపెడుతున్నాడేమోనని అనుమానం వస్తే కంగారుపడకండి, ఆయన ఉత్తరం కూడా నాకే వస్తుందిలెండి.